నిశ్శబ్దానికి మూడు కేకలు

ఫోన్లో నేను అన్నది "సాడిల్". అవతల అటవీ చెక్‌పోస్టులో ఉన్న గార్డు విన్నది "శాండల్". "ఈదులకుంటలో ముప్పై మంది సాడిల్‌తో చెట్లెక్కబోతున్నారు, కాస్త చూసుకోండి" అని నేను మర్యాదగా చెబితే, ముప్పై మంది గంధపుచెక్కల దొంగలు చెట్లెక్కి దాక్కున్నారని ఆయనకు అర్థమైంది. మేము ఊరి పొలిమేర చేరేసరికి లాఠీలతో ఒక జీపు మాకంటే ముందే చేరి, మా డైరెక్టరు చిదంబరం గారిని ముఠా నాయకుడిగా గుర్తించి, చేతులు పైకెత్తమంది. ఆయన ఎత్తారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన ఒక ఆదేశాన్ని అక్కడికక్కడే అమలు చేయడం నేను చూసింది అదే మొదలు.

"గంధం కాదు బాబూ, బంధం!" అని నేను అడ్డం పడ్డాను. "నడుముకు కట్టుకునే బంధం. దాంతో చెట్టుకు వేలాడతారు."

"ఉరా సార్?" అన్నాడు గార్డు, ఇంకా భయపడి.

సాడిల్ అంటే ఏమిటో గార్డుకు చెప్పిందే మీకూ చెబుతాను. మాటకు జీను అని అర్థమే కానీ అందులో గుర్రం లేదు. నడుముకు ఒక వెడల్పాటి పట్టా కట్టుకుని, దాన్ని తాడుతో చెట్టుకు బిగించి, పైన పిట్టలా చప్పుడు లేకుండా కూర్చోవాలి. కింద పంది వస్తుంది. పైనుంచి కాలిస్తే గుండు నేలలోకే పోతుంది కాబట్టి పక్క చేలో ఉన్న మనుషులకు ప్రమాదం లేదు. విదేశీ పర్యటనలో ఒక పెద్దమనిషి ఇలా వేలాడుతుండగా చూసి మా డైరెక్టరు గారు ముగ్ధులయ్యారు. తిరిగొచ్చిన వారానికే సర్క్యులర్ వెలువడింది: ఇకపై పంటచేలలో పందిని కాల్చేవారు సాడిల్ శిక్షణ పొంది, చెట్టు మీద నిశ్శబ్దముగానూ సురక్షితముగానూ ఆసీనులై మాత్రమే కాల్చవలెను.

మా సంస్థ పేరు వన్యప్రాణి–పంట సామరస్య మండలి. పందికీ రైతుకూ సామరస్యం కుదర్చడం మా పని. ఇన్నాళ్లూ పంది మా మాట వినలేదు, రైతు మాట మేము వినలేదు. ఆ విధంగా ఇద్దరినీ సమానంగానే చూశాం. నేను అందులో సీనియర్ అసిస్టెంటును, అంటే మినిట్సు రాసి అవర్సు గడిపేవాణ్ణి. మా మండలిలో అంతవరకు ఎవరైనా ఎక్కిన చెట్టు ఉంటే అది మునగచెట్టు ఒక్కటే. అదీ ఒకరినొకరు ఎక్కించుకున్నదే.

శిక్షణకు ఈదులకుంటను ఎంచుకోవడానికి కారణం కనకవ్వ. ఆమెకు రెండెకరాల మక్కచేను. చెవి తెగిన ఒక మగపంది రోజూ పొద్దుగూకే వేళకు వచ్చి అప్పటికే ఒక ఎకరం నున్నగా చేసింది. మిగిలిన ఎకరం పాలకంకి మీద ఉంది. ఆమె మండలి చుట్టూ తిరగగా తిరగగా పందిని కాల్చడానికి అనుమతి వచ్చింది. గడువు పది రోజులు. కాల్చడానికి ఖాదర్ అనే లైసెన్సు ఉన్న షూటరు పట్నం నుంచి వచ్చాడు. కానీ సర్క్యులర్ ప్రకారం శిక్షణ పూర్తయ్యేదాకా అతను తుపాకి ముట్టరాదు.

"పది దినాలల్ల కంకి విరుసుకుంట సారూ," అంది కనకవ్వ. "గప్పటిదాంక ఈ ఎకరం నిలవడితే సాలు. పోయినేడు మొత్తం అదే మేసింది. ఈయేడు సుత మేస్తే చేను బీడు వెట్టి ఇటుకల బట్టీకి పోవుడే. నా మొగడు ఉన్నప్పుడు సుత గా పనికి పోలే నేను."

"ధైర్యంగా ఉండండమ్మా," అన్నారు డైరెక్టరు గారు. "మండలి మీ వెనుక ఉంది."

"ఎనుక ఉంటే ఏం లాభం సారూ? పంది ముందట ఉన్నది."

మేము వెంటనే పని మొదలుపెట్టాం. పంది కోసం వచ్చినవాళ్లం, మొదటి రోజంతా పందిరి వేశాం.

రెండో రోజు విదేశీ సాడిళ్లు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. ఒక్కోదానికి పదకొండు కొక్కేలు. నడిస్తే గజ్జెకట్టిన ఎద్దు నడిచినట్టు మోత. పైగా శిక్షణలో రెండు విభాగాలు: నిశ్శబ్దం డైరెక్టరు గారిది, భద్రత వారిజ గారిది. వారిజ గారు మా భద్రతాధికారిణి. మంచి మనిషే, కానీ మెట్టు కనిపిస్తే చాలు, పక్కన బోర్డు పెట్టాలంటారు. కొక్కెం పడినట్టు టక్కుమని వినబడితేనే భద్రత అని ఆవిడ, వినబడకపోతేనే నిశ్శబ్దం అని ఈయన. సభ తిరగబడి, ముందు "ర" చేరి రభసైంది. శిక్షణార్థులు ఇద్దరు అడుగున్నర ఎత్తు ఎక్కి, అక్కడే తలకిందులై, గబ్బిలాల సామరస్యాన్ని సాధించారు.

కనకవ్వ ఇదంతా చూసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊరివైపు చెయ్యి చూపించింది.

"సారూ, కోపానికి రాకుండ్రి. గాడ మా లింబన్న తాడెక్కుతుండు సూడుండ్రి. ఆయన నడుముకున్నది గిదే గదా?"

చూశాం. గౌడ ఇళ్ల వెనుక తాటిచెట్టు మీద లింబయ్య ఉన్నాడు. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి మోకు అనే లావుపాటి తాడు. పాదాలకు గుజి అనే చిన్న ఉచ్చు. చేతులు రెండూ వదిలేసి, వెనక్కి వాలి, కల్లు గీస్తున్నాడు. ఆకు కదలడం లేదు.

డైరెక్టరు గారి కళ్లు చెమర్చాయి. "స్థానిక పరిజ్ఞానం!" అన్నారు. విదేశంలో చూడటానికి ఎనిమిది రోజులు పట్టింది, ఊళ్లో చూడటానికి మెడ ఎత్తితే చాలింది.

మూడో రోజు సాయంత్రం లింబయ్యను అధ్యయనం చేశాం. "ఆయన ఏమేమి చేస్తారో ఒక్కటి కూడా విడువక రాయండి," అని నాకు ఆజ్ఞ. యాభై ఐదేళ్ల మనిషి, చెట్టు బెరడుకూ అరచేతికీ తేడా లేదు. నేను కాగితం తీయగానే అతను మొదట నోటితో చెప్పాడు, నేను రాసుకున్నాను.

"మోకు నేలమీదున్నప్పుడే కట్టుకోవాలె సార్, మళ్ల నేలమీదికొచ్చినంకనే ఇప్పాలె. నడుమ ఎన్నడిప్పద్దు. ఇనుము ఇనుముకు తాకద్దు, గుడ్డ సుట్టాలె. తుపాకంటరా, మెడకేసుకొని ఎక్కద్దు. ఖాళీది కింద పెట్టి, మనం పైన కుదురుకున్నంక తాడుతోని గుంజుకోవాలె. గంతే సార్."

డైరెక్టరు గారు ఆ మూడు ముక్కలూ చూసి, ఎర్రసిరాతో కొట్టేశారు. "ఇవి ఎవరైనా ఊహించగల విషయాలు. మనకు కావలసింది రహస్యం." ఆయన పేరు చిదంబరం కదా, రహస్యం లేకపోతే అన్నం సయించదు.

తరువాత లింబయ్య చేసి చూపించాడు. మోకు బిగించాడు. చెట్టుకు నుదురు ఆనించాడు. ఆ తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, చెవులు గింగురుమనేలా మూడు కేకలు వేశాడు.

"ఎక్కుతున్నా...నో! ఎక్కుతున్నా...నో! ఎక్కుతున్నా...నో!"

పది అంకెలు లెక్కపెట్టినంత సేపు ఆగాడు. అప్పుడు ఎక్కాడు. ఉడతకైనా అంత చడీచప్పుడూ లేకుండా సాధ్యం కాదు.

డైరెక్టరు గారు నా భుజం పట్టుకున్నారు. "చూశారా? ముందు అంత కేక, తర్వాత ఇంత నిశ్శబ్దం! రాసుకోండి. 'ఆరోహణకు పూర్వము ఆరోహకుడు తన దేహమందు నిల్వయున్న సమస్త శబ్దమును కేకరూపమున విసర్జించవలెను. తదుపరి దేహము స్వయముగా నిశ్శబ్దమగును.' దీనికి 'పూర్వ శబ్ద విసర్జన' అని పేరు పెట్టండి."

"భద్రతాపరంగా కూడా అద్భుతం," అన్నారు వారిజ గారు. "ఎక్కేముందు పరిసర ప్రజానీకానికి బహిరంగ హెచ్చరిక! ఇంత చైతన్యం నేను పట్నంలో కూడా చూడలేదు."

మండలి చరిత్రలో నిశ్శబ్దమూ భద్రతా ఏకీభవించడం అదే మొదటిసారి. టీ తెప్పించారు.

దిగివచ్చిన లింబయ్య తల గోక్కున్నాడు. "సార్, గా కేక గందుకు కాదు..."

"మరెందుకు?"

అతను వారిజ గారి వైపు చూశాడు, నేల వైపు చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి. "మేడం ఉన్నరు సార్. ఇప్పుడొద్దు, మళ్ల చెప్త."

"వినయం!" అన్నారు డైరెక్టరు గారు. "నిజమైన నిపుణుడికి తన నైపుణ్యానికి కారణం తెలియదు. అది తెలుసుకోవడానికే మనలాంటివాళ్లున్నది."

మళ్లీ చెప్పే అవకాశం లింబయ్యకు రాలేదు. శబ్దాన్ని గురించి అతని మాట ఇక ఎవరికీ వినబడలేదు.

నాలుగో రోజు ముప్పై మందికీ కేకల్లో పరీక్ష. అయిదో రోజు సాయంత్రం ఖాదర్ మొదటి ప్రయోగానికి చేను పడమటి గట్టు మీదున్న తాటిచెట్టు దగ్గర నిలబడ్డాడు. సన్నగా, ఎండిన కట్టెలా ఉంటాడు, మాట తక్కువ.

"సాబ్, నేను కేకేస్తే పంది పోతది కదా?"

"కేకతో శబ్దం పోతుంది నాయనా, పంది పోదు. చదువుకున్నవారు కూడా ఇలా అడిగితే ఎలా?"

ఖాదర్ కేకలు వేశాడు. ఎక్కాడు. చీకటి పడేదాకా కూర్చున్నాడు. దిగాడు. నా నివేదికలో ఇలా రాశాను: "కేక వేసిన రెండు నిమిషములకు సదరు పంది చేను పడమటి దిక్కు నుండి తూర్పు దిక్కునకు బదిలీ అయినది." మా ఆఫీసులో బదిలీ కోసం ఏళ్లు పడుతుంది. పందికి పలుకుబడి ఎక్కువ.

సమీక్షా సమావేశం జరిగింది. తేల్చిందేమిటంటే, కేకలు చాలలేదు, ఖాదర్ లోపల ఇంకా కొంత శబ్దం మిగిలిపోయింది. ఆరో రోజు నుంచి అయిదు కేకలు, మైకులో. వారిజ గారు ఇంకొకటి చేర్చారు: హెచ్చరిక చేరిందో లేదో తెలియాలి కాబట్టి, గట్టుమీద పచ్చజెండాతో నిలబడ్డ ఉద్యోగి "ఎక్కవచ్చును" అని బదులు పలకాలి. ఏడో రోజు ఆ బదులుకు రసీదుగా ఈల. ఎనిమిదో రోజు విసర్జన సంపూర్ణం కావడానికి డప్పు. కేక అంటే కేక, కేవలం కేక! పక్క ఊరివాళ్లు ఎవరి పెళ్లో అనుకుని ముస్తాబై వచ్చారు.

కనకవ్వ వచ్చింది. పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. ఆ రోజు ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"సారూ, మీరు కేకేస్తే మీరు ఏ మూలకున్నరో దానికి ఎరుకైతున్నది. ఆ మూలకు వస్తలేదు. ఈ మూలకు కూసొని నిమ్మలంగ తింటున్నది. ఇన్నొద్దులు భయానికి గబగబ తినేది, ఇప్పుడు నమిలి తింటున్నది. సగం ఎకరం సుత లేదు సారూ."

"నమిలి తింటోందా?" డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. "రాసుకోండి. 'పంది జీర్ణశక్తి మెరుగుపడినది.' సామరస్యానికి అది కూడా ఒక సూచికే."

కనకవ్వ చేన్లోకి నడిచింది. కూలిన కంకుల్లోంచి ఒకటి తెచ్చి బల్లమీద, ఫైలు పక్కన పెట్టి వెళ్లిపోయింది. సగం కొరికిన కంకి. నేను దాన్ని ఎక్కడ నమోదు చేయాలో తెలియక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఖాదర్ నా దగ్గరికి వచ్చాడు. వెనకాల నాలుగడుగుల దూరంలో లింబయ్య.

"సాబ్, గా కొట్టేసిన కాయితం ఒకపారి ఇస్తరా?"

"ఎందుకు?"

"ఉంచుకున్న కాయితం పనిచేస్తలేదు."

ఎర్రసిరా గీతల కింద లింబయ్య చెప్పిన మూడు ముక్కలూ బాగానే కనబడుతున్నాయి. ఇచ్చాను. చిత్తుకాగితాలు ఎవరికీ ఇవ్వకూడదనే నియమం మాకు లేదు. అందులో మంచి సంగతులు ఉంటాయని ఎవరూ ఊహించకపోవడమే కారణం.

పదో రోజు. గడువుకు ఆఖరి రోజు. డైరెక్టరు గారు ఆ సాయంత్రం మండలి అధ్యక్షుల వారిని పిలిపించి, లింబయ్య చేత బహిరంగ ప్రదర్శన ఏర్పాటు చేశారు. చేను దగ్గర కాదు, గౌడ ఇళ్ల వెనుక అతని సొంత తాటిచెట్టు దగ్గర. "నిపుణుడిని అతని సహజ పరిసరాలలో చూపించాలి," అన్నారు. కుర్చీలు, మైకు, డప్పు, పచ్చజెండా, ముప్పై మంది శిక్షణార్థులు. ఊరంతా వచ్చింది. ఖాదర్ రాలేదని వారిజ గారు హాజరు పట్టీలో సున్నా చుట్టారు.

"మహాశయులారా," అన్నారు డైరెక్టరు గారు మైకులో, "తరతరాలుగా ఈ జాతి పరిరక్షించుకుంటూ వచ్చిన పూర్వ శబ్ద విసర్జన ప్రక్రియను ఇప్పుడు తిలకించబోతున్నారు. ఈ కేకకు అర్థం లేదు. దీని పరమార్థం శబ్ద రాహిత్యం. లింబయ్య గారూ, విసర్జించండి!"

లింబయ్య చెట్టుకు నుదురు ఆనించి ఒక క్షణం అలాగే ఉండిపోయాడు. మైకు అతని నోటి దగ్గర పెట్టారు. గత్యంతరం లేక, అలవాటు కొద్దీ కేకేశాడు. ఆ కేక మైకులోంచి ఊరిని చుట్టి వచ్చింది.

"ఎక్కుతున్నా...నో!"

పచ్చజెండా లేచింది. ఈల మోగింది. డప్పు మోగబోయింది.

అంతలో చెట్టుకు పది గజాల దూరంలో, వరుసగా ఉన్న ఇళ్ల వెనుక తడకల చాటు నుంచి ఒక ఆడగొంతు గట్టిగా వినిపించింది.

"ఆగు లింబన్నా! నెత్తికి సబ్బున్నది! జరంత ఆగు, నీళ్లు పోసుకోని!"

ఆ పక్క తడక నుంచి ఇంకో గొంతు: "నేను సుత ఉన్న బావా! చీరె కట్టుకునేదాంక ఎక్కకు!"

డప్పు వాయించేవాడి చెయ్యి గాలిలోనే నిలిచింది. అధ్యక్షుల వారు అటు చూసి, చూడకూడదని గుర్తొచ్చి, ఆకాశం వైపు చూశారు. అక్కడ తాటిచెట్టు పైభాగం ఉంది. అక్కడి నుంచి ఆ తడకల లోపలికి ఎంత చక్కగా కనబడుతుందో ఆయనకు ఒక్కసారిగా అర్థమైనట్టుంది, తల దించుకుని బూట్లు చూసుకున్నారు.

"ఏమిటిది?" అన్నారు డైరెక్టరు గారు.

లింబయ్య చెట్టును ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు. అప్పుడు జనంలోంచి కనకవ్వ ముందుకొచ్చి, మైకు అందుకుంది.

"నేను చెప్త సారూ. ఆయన మొగోడు, మేడం ముంగట ఎట్ల చెప్తడు? పొద్దుగాల, పొద్దుమీకి ఆడోళ్లం కూలి నుంచొచ్చి గీ తడకల చాటుకు తానం చేస్తం. పైకి కప్పు లేదు. తాడెక్కితే అంత కనవడ్తది. గందుకని ఎక్కేటోడు ముందుగాల మూడు కేకలెయ్యాలె, మేము సదురుకునేదాంక ఆగాలె. వాళ్ల తాత కాలం నుంచి గదే లెక్క. ఏ గౌడాయన సుత కేకెయ్యకుంట ఊళ్లె తాడెక్కలే. అది మర్యాద సారూ. నిశ్శబ్దం గిశ్శబ్దం నాకెరుక లేదు. మక్కచేన్ల ఎవ్వలు తానం చేస్తున్నరని ఇన్ని దినాలు గా కేకలేసిండ్రు?"

మైకులో చెప్పింది కాబట్టి వినలేదని అనడానికి ఊళ్లో ఎవరికీ వీల్లేకపోయింది. మొదట నవ్వింది వారిజ గారు. నోటికి ఫైలు అడ్డం పెట్టుకుని, కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వారు. నవ్వుతూనే లింబయ్య వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. అతను మళ్లీ నేల వైపు చూశాడు కానీ ఈసారి మీసం కింద కొంచెం నవ్వాడు. తర్వాత ఊరు నవ్వింది. తడకల వెనుక నుంచి కూడా నవ్వు వినిపించింది, నీళ్ల చప్పుడుతో కలిసి.

డైరెక్టరు గారు మాత్రం మైకు వైపు చెయ్యి చాపారు. "అయితే... మర్యాద అనేది కూడా ఒక రకమైన శబ్ద..." అని ఆరంభించారు.

చేనువైపు నుంచి ఢాం అని ఒకటే చప్పుడు.

తర్వాత నిజమైన నిశ్శబ్దం. పది రోజులుగా మేము వెతుకుతున్న ఆ నిశ్శబ్దం ఈదులకుంటలో అప్పుడు వినిపించింది. కనకవ్వ మైకును నా చేతిలో పెట్టి పరుగెత్తింది.

మేమంతా చేరేసరికి పడమటి గట్టు మీద తాటిచెట్టు కింద ఖాదర్ నిలబడి లింబయ్య పాత మోకును చుట్ట చుడుతున్నాడు. తుపాకి ఖాళీ చేసి గట్టుకు ఆనించి ఉంది. దాని పట్టీ కొక్కేలకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. మక్కచేను అంచున చెవి తెగిన పంది పడి ఉంది. కనకవ్వ దాని దగ్గరికి పోలేదు. చేను మొదట్లో నిలబడి, మిగిలిన మక్కలను చేత్తో నిమురుతూ ఒక్కో సాలు చూసుకుంటూ పోయింది. ఎకరంలో మూడో వంతు ఉందేమో.

"గింజకు, కూటికి ఎల్తది," అంది వెనక్కి వచ్చి, ఎవరితోనూ కాకుండా. "ఇటుకల బట్టీకి పోను."

మర్నాడే ఖాదర్‌కు మెమో వెళ్లింది. నేనే టైపు చేశాను. "నిర్దేశిత కేకలు వేయకుండా, ఈల, జెండా, డప్పు లేకుండా, గడువు చివరి దినమున, అక్రమ నిశ్శబ్దముతో చెట్టునెక్కి పందిని కాల్చినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను." పంది పద్ధతి ప్రకారం చనిపోలేదు కాబట్టి రికార్డుల్లో అది ఇంకా బతికే ఉంది.

మూడో రోజుకు ఖాదర్ జవాబు వచ్చింది. ఒకటే వాక్యం. చేతిరాత వారిజ గారి చేతిరాతలా ఉంది కానీ నాకెందుకు.

"అయ్యా, నేను చెట్టు ఎక్కిన సమయమున సదరు మక్కచేనులో మహిళలెవరూ స్నానము చేయుటలేదని ఇందుమూలముగా విన్నవించుకొనుచున్నాను."

ఊళ్లో అయితే వ్యవహారం అక్కడితో ముగిసేది. మండలిలో ఫైలు డైరెక్టరు గారి బల్ల మీదికి వెళ్లింది. రెండు రోజులు ఆయన దగ్గరే ఉండి, అంచున పచ్చసిరాతో ఒక వాక్యంతో నా దగ్గరికి తిరిగి వచ్చింది: "మహిళల సంగతి సరే. పంది ఆ సమయమున బురదస్నానము చేయుచుండెనా? విచారించి, సమగ్ర నివేదిక సమర్పించవలెను."

ఆ నివేదికే ఇప్పుడు రాస్తున్నాను. బల్ల మీద కనకవ్వ పంపిన నాలుగు కంకులున్నాయి, ఆఫీసు ముందరి టీకొట్టు నిప్పుల మీద కాల్పించినవి, ఇంకా వేడిగా. ఒకటి తిన్నాను, రెండోది చేతిలో ఉంది. పంది స్నానం సంగతి ఇంకా తేలలేదు. రుచి సంగతి మాత్రం తేలింది. అన్ని రోజులు అది నమిలి నమిలి ఎందుకు తిన్నదో నాకు ఇప్పుడు అర్థమైంది.